సైలెన్సర్ లేని సుఖం

నిశ్శబ్దం ఒంటికి మంచిది కాదు. ఊరికే అనడం లేదు, ఎనిమిది నెలల స్వీయానుభవంతో అంటున్నాను. ప్రశాంతమైన వీధిలో ఇల్లు దొరకడం అదృష్టమని మీలో చాలామంది అనుకుంటూ ఉంటారు. అయ్యో పాపం! ఎదురింట్లో స్పోర్ట్స్ కారు లేని రోజుల్లో నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

ఆ రోజుల్లో మేము ఎంత దీనంగా బతికామో తలుచుకుంటే ఇప్పటికీ జాలేస్తుంది. పొద్దున్నే లేవాలంటే అలారం పెట్టుకునేవాళ్ళం. పక్కింటి సంగీతం మాస్టారి శిష్యులు వయొలిన్ మీద చేసే అఘాయిత్యాలు ఒక్కటీ పోకుండా వినపడేవి. మా ఆవిడ వంటింట్లోంచి ఏదన్నా అంటే మొదటిసారికే నా చెవిన పడేది. అదీ ఒక బతుకేనా?

ఇప్పుడు ఆ బాధలేవీ లేవు. అంతా ఎదురింటి పళ్ళ డాక్టరు చలవ.

ముందు ఆయన గురించి చెప్పాలి. నలభై దాటిన మనిషి. చెయ్యి మెత్తన, మాట మెత్తన. నన్ను అన్నయ్యా అంటాడు, మా ఆవిడని వదినా అంటాడు. నాకు జ్వరమొస్తే థర్మామీటరు పట్టుకుని మొదట వచ్చేది ఆయనే. ఈ వివరాలు తేలిగ్గా తీసుకోకండి. దుర్మార్గుడి మీద ఫిర్యాదు చేయడం ఎవరికైనా చేతనవుతుంది. మంచివాడి మీద చేసి చూడండి, తెలుస్తుంది.

కారు ఎర్రది. వచ్చిన రోజు వీధి వీధంతా చూడ్డానికి వెళ్ళాం. రెండే సీట్లు, నేలకి జానెడు ఎత్తు. అందులోకి ఎక్కడం ఉండదు, జారడమే. దిగడానికి ఎవరో ఒకరు చెయ్యందించాలి. డాక్టరు స్టార్ట్ చేశాడు. కారు ఏదో గొణిగింది. ఆయన మొహం వాడిపోయింది.

"చూశావా అన్నయ్యా, దీనికి గొంతు లేదు," అన్నాడు.

ఇక్కడ పాఠకులకు కాస్త సైన్సు అవసరం. కారు ఇంజన్ అంటే లోపల నిమిషానికి కొన్ని వేల పేలుళ్ళు. ఆ పొగ బయటికి పోవడానికి వెనక ఒక గొట్టం. గొట్టానికి తగిలించి, చిన్న సూట్‌కేసంత రేకు డబ్బాలు. పేలుళ్ళ చప్పుడు ఆ డబ్బాల్లో పడి అణిగిపోతుంది. దాన్నే సైలెన్సర్ అంటాం. అంటే ఏమిటి? కొన్నవాడి ఆనందాన్నంతా కంపెనీవాడు డబ్బాలో పెట్టి మూత బిగించి అమ్ముతున్నాడన్నమాట! ఇంత అన్యాయం జరుగుతుంటే ఇన్నాళ్ళూ మనం హాయిగా నిద్రపోయాం. అక్షరాలా నిద్రపోయాం.

ఊరి చివర ఒక మెకానిక్ ఉన్నాడు. బ్రేకులు చూడడు, ఆయిలు మార్చడు, ఒట్టి గొట్టాలే చూస్తాడు. కారుని పైకెత్తి, కింద నిలబడి, కళ్ళు మూసుకుని వింటాడట. తర్వాత ప్రశ్నలు వేస్తాడట. గంభీరంగా ఉండాలా? కాస్త గరగరలాడాలా? యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినప్పుడు వెనకాల పటపటా పేలాలా? నా గుండెకి ఆపరేషన్ చేసిన సర్జన్ కూడా నన్ను ఇన్ని ప్రశ్నలు అడగలేదు.

మొదటిసారి వేసిన గొట్టానికి శబ్దమైతే వచ్చింది గానీ, లోపల కూర్చున్నవాడి బుర్రలో తుమ్మెద దూరినట్టు ఒకటే రొద. డాక్టరు ఒప్పుకోలేదు. రెండోసారి గొంతు బొంగురుపోయింది. అదీ ఒప్పుకోలేదు. మూడో గొట్టం కుదిరింది. ఆ సాయంత్రం కారు వీధి మలుపు తిరగ్గానే మా వంటింట్లో గిన్నెలు అరల్లోంచి ముందుకి జరిగి, ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి. ఆగి ఉన్న నాలుగు కార్ల అలారాలు ఒక్కసారే అందుకున్నాయి. చూరు మీద కాపురముంటున్న పావురాలు ఆ రోజే ఖాళీ చేశాయి. చాలాకాలంగా వాటిని ఎలా పంపించాలా అని చూస్తున్నాం.

లాభాలు చెప్పమంటారా? వినండి.

సంగీతం మాస్టారి దగ్గర్నుంచి ఈ ఏడాది పరీక్షకి వెళ్ళిన శిష్యులెవరూ ఆయనింట్లో సాధనలో ఒక్క అపస్వరం కూడా పలకలేదు. పలికారేమో, రుజువు లేదు. అప్పులిస్తామంటూ ఫోన్లు చేసి ప్రాణం తీసేవాళ్ళుంటారు కదా, వాళ్ళ ఫోను రాగానే కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఎదురింటివైపు పెడతాను. ఇప్పుడు వాళ్ళు నన్ను వదిలేశారు. ఇక మా దాంపత్యం! పెళ్ళైన ఇరవై ఏడేళ్ళలో ఇంత సఖ్యత ఎన్నడూ లేదు. మా ఆవిడ మాటల్లో సగం నాకు వినపడవు, నా మాటల్లో సగం ఆమెకి వినపడవు. మిగిలిన సగాల్లో పోట్లాడుకోవడానికి సరిపడా సరుకు ఉండటం లేదు. భార్యాభర్తలకి సలహాలిచ్చే నిపుణులు దీని మీద ఎందుకు పరిశోధన చేయరో నాకర్థం కాదు.

అన్నట్టు, ఈ అభివృద్ధిలో నా పాత్ర కూడా కొంత ఉంది. దాచడం ధర్మం కాదు.

మూడో గొట్టం బిగించిన మర్నాడు డాక్టరు నన్ను పిలిచి, కారు వెనక నిలబెట్టి, ఇంజన్‌ని బాగా రేపి ఆపాడు. "నువ్వు రచయితవి అన్నయ్యా. ఎలా ఉందో నీ మాటల్లో చెప్పు," అన్నాడు. చెవుల్లో గుయ్యిమంటోంది. ఉన్నమాట అందామంటే ఆయన మొహంలో వెలుగు అడ్డమొచ్చింది. అందుకని, "బాగుంది. కాకపోతే ఇంకాస్త లోతు ఉంటే బాగుండేదనిపిస్తోంది," అన్నాను. సాహిత్య సభల్లో నచ్చని పుస్తకం గురించి ఇలాగే అంటాం. దానికి అర్థం "బాబూ, ఇక చాలు" అని. పుస్తకాలవాళ్ళకి అది తెలుసు. పళ్ళవాళ్ళకి తెలియదు. రెండ్రోజుల్లో ఉన్న డబ్బాలన్నీ పీకించి, ఇంజన్ నుంచి వెనకదాకా ఒకటే లావుపాటి గొట్టం వేయించుకొచ్చాడు. "నువ్వన్నది నిజం అన్నయ్యా. లోతు వచ్చింది," అన్నాడు.

ఆ లోతులోనే వీధంతా మునిగింది.

తర్వాత ఒక రాయబారం కూడా నడిచింది. సంగీతం మాస్టారు, వీధి సంఘం సెక్రటరీ, నేను కలిసి వెళ్ళాం. సెక్రటరీ గట్టి మనిషి, ఉన్నదున్నట్టు చెప్పేస్తానని దారిలో ఒకటికి నాలుగుసార్లు అన్నాడు. దారి అంటే రోడ్డుకి ఇటునుంచి అటు. డాక్టరు కుర్చీలు వేసి కూర్చోబెట్టాడు, సెక్రటరీ దవడ పన్ను ఎలా ఉందని అడిగాడు, ఉచితంగా చూస్తానన్నాడు. మేము విషయానికి వచ్చేలోపు కొత్త గొట్టం చూపిస్తానని షెడ్డులోకి తీసుకెళ్ళి స్టార్ట్ చేశాడు. ఆ హోరులో సెక్రటరీ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పెదవులు కదలడం నేను కళ్ళారా చూశాను. డాక్టరు నవ్వుతూ తలూపాడు. ఆయన నవ్వుతున్నాడు కదా అని మేము కూడా నవ్వుతూ తలూపాం. వీధి సంఘం మినిట్స్ పుస్తకంలో "చర్చ సుహృద్భావ వాతావరణంలో జరిగింది" అని రాశారు.

ఈ గొట్టానికి లోపల ఒక వాల్వ్ ఉందని, రిమోట్‌లో బటన్ నొక్కితే అది మూసుకుని పొగ పక్కన కొత్తగా బిగించిన ఓ చిన్న డబ్బా గుండా పోతుందని, అప్పుడు శబ్దం సగానికి పడిపోతుందని ఆ రోజే తెలిసింది. మరి నొక్కవచ్చు కదా అన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు. "నొక్కితే మామూలు కారులా ఉంటుంది అన్నయ్యా. ఇంకెందుకు మార్పించినట్టు?"

నిజమే. ఈ తర్కానికి జవాబు మీ దగ్గర ఉందా?

ఇంత సుఖంగా సాగిపోతున్న వీధిలో సంతోషం లేని మనిషి ఒక్కరే ఉన్నారు. మా ఆవిడ. కారణం ఆమె ఉద్యోగం. మా ఇంటి ముందుగదిలో ఆమె చెవుల పరీక్షలు చేస్తుంది. వచ్చినవాళ్ళకి హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికో బటన్ ఇచ్చి, సన్నటి కూతలు వినిపిస్తుంది. వినపడినప్పుడల్లా బటన్ నొక్కాలి. వినికిడి తక్కువున్నవాళ్ళకి తగిన మిషన్ అమరుస్తుంది. ఎదురింటి కారు కదిలే వేళకి పరీక్షకి కూర్చున్నవాళ్ళలో కొందరు అదే కూత అనుకుని బటన్ నొక్కుతారు. కొందరు ఆ హోరులో అసలు కూతలు వినపడక నొక్కరు. నిక్షేపంలాంటి చెవులున్నవాళ్ళు కూడా సగం చెవిటివాళ్ళుగా తేలుతుంటే, ఇది వ్యాపారానికి ఎంత మంచిదో చూడు అన్నాను. ఆమె నావైపు చూసిన చూపు ఇక్కడ వర్ణించను. ప్రతివాళ్ళకీ రెండోసారి, మూడోసారి పరీక్ష చేస్తుంది. నిజాయితీ ఉన్నవాళ్ళకి నష్టాలు తప్పవు.

ఈ మధ్య ఆమె దగ్గరికి ఒక పాప వస్తోంది. నాలుగేళ్ళు. పుట్టినప్పటి నుంచీ వినికిడి చాలా తక్కువ. ఆ సంగతి తేలేసరికే మూడేళ్ళు పట్టిందట. పాపకి పెద్ద పెద్ద కళ్ళు. గదిలో ఎవరి పెదవి కదిలినా ఆ కళ్ళు అటు తిరుగుతాయి. తల్లి లైబ్రరీలో పనిచేస్తుంది. గొంతు పెంచి మాట్లాడటం ఉద్యోగరీత్యా ఎప్పుడో మరిచిపోయిన మనిషి. ఆ తల్లి గొంతు పాప ఒక్కసారి కూడా వినలేదు.

చిన్నపిల్లలకి మొదటిసారి మిషన్ పెట్టేటప్పుడు మా ఆవిడ చేసే హడావిడి చూడాలి. నిజానికి అది హడావిడికి వ్యతిరేకం. ఫ్రిజ్ ఆపేస్తుంది. ఫ్యాను ఆపేస్తుంది. గోడగడియారం బ్యాటరీ తీసేస్తుంది. నా చెప్పులు కిర్రుమంటాయని విప్పించి మూలన కూర్చోబెడుతుంది. దగ్గొస్తే మింగేయాలి. మిషన్ ఆన్ చేశాక గదిలో తల్లి ఒక్కతే మాట్లాడాలి, అది కూడా మామూలుగా ఇంట్లో పిలిచినట్టు పిలవాలి. పిల్లలు మొదట వినేది తల్లి గొంతు కావాలని ఆమె పట్టుదల. పిల్లకి ఆ మిషన్ మీద ఇష్టం కలగాలన్నా, భయం కలగాలన్నా ఆ మొదటి పది నిమిషాల్లోనే అంటుంది.

ఆదివారం పదకొండు గంటలకి ముహూర్తం. డాక్టరుకి ముందే చెప్పిరమ్మని నన్ను పంపింది. వెళ్ళాను. పాప సంగతంతా చెప్పాను. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అబద్ధం కాదు, నిజంగానే తిరిగాయి.

"నాలుగేళ్ళకి మొదటిసారి వింటుందా? మొట్టమొదటి శబ్దమా?" అన్నాడు.

"అవును. అందుకే పదకొండు గంటలకి..." అన్నాను.

"నాకు వదిలేయ్ అన్నయ్యా," అన్నాడు.

వదిలేశాను. నా జీవితంలో నేను చేసిన తెలివితక్కువ పనుల్లో దీనికే పెద్దపీట.

ఆదివారం వచ్చింది. ఫ్రిజ్ ఆగింది, గడియారం ఆగింది, మూలన నేను ఊపిరి కూడా పొదుపుగా తీసుకుంటున్నాను. మా ఆవిడ పాప చెవులకి రెండు మిషన్లూ అమర్చి, ఆన్ చేసి, తల్లికి సైగ చేసింది. తల్లి ముందుకి వంగింది. నోరు తెరిచింది.

సరిగ్గా అప్పుడు, మా కిటికీకి ఆరడుగుల దూరంలో, ఆ కారు మేల్కొంది.

అంతసేపూ చల్లగా ఉన్న ఇంజన్ మొదటిసారి అందుకున్నప్పుడే అన్నిటికన్నా పెద్దగా అరుస్తుందట. అది నాకు తర్వాత డాక్టరే గర్వంగా చెప్పాడు. అందుకోసమే దాన్ని పొద్దున్నే ఇద్దరు మనుషుల చేత చప్పుడు లేకుండా నెట్టించి, శుభ్రంగా కడిగించి, గొట్టాలు మా కిటికీవైపు ఉండేలా నిలబెట్టాడట. ఒక పసిపిల్ల లోకంలో మొట్టమొదటగా వినే శబ్దం లోకంలోకెల్లా గొప్ప శబ్దం అయి ఉండాలని ఆయన కోరిక. మూడుసార్లు రేపాడు. ఒక్కోసారీ కాలు తీసినప్పుడల్లా పటపటా పేలింది.

పాప ఏడవలేదు. రెండు చేతులతో మిషన్లు లాగి బీరువా కిందికి విసిరేసింది. తల్లి ఒళ్ళోకి దూరి, ఆమె చేతులు తీసుకుని తన చెవుల మీద పెట్టుకుంది.

డాక్టరు లోపలికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"వింది కదా వదినా?"

"వింది," అంది మా ఆవిడ.

అంతే అంది. అంతటితో ఎందుకాగిందో నాకు తెలుసు. ఆయన కళ్ళల్లో మళ్ళీ నీళ్ళు ఉన్నాయి.

ఆయన వెళ్ళాక నావైపు తిరిగి, "పాత సైలెన్సర్ మళ్ళీ పెట్టించమని వెళ్ళి చెప్పండి," అంది. వెళ్ళాను, వచ్చాను.

"చెప్పారా?"

"చెప్పాను."

"ఏమని?"

"పాపకి కాస్త పెద్దగా అనిపించిందని."

"ఆయనేమన్నాడు?"

"అలవాటవుతుందన్నాడు."

ఆ తర్వాత ఇంకో మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ కారు బాగుందని చెప్పి వచ్చాను. వారం వారం ఈ పేజీలో లోకాన్ని చీల్చి చెండాడే పెద్దమనిషిని నేను. రోడ్డు దాటి ఒక మంచివాడితో "నీ వల్ల ఒక పిల్లకి దెబ్బ తగిలింది" అనలేకపోయాను. సిగ్గుగానే ఉంది. కానీ చూడండి, ఈ శబ్దం వల్ల కలిగే లాభాల్లో ఇదీ ఒకటి. అందులో మనిషికి తన మనస్సాక్షి కూడా వినపడదు!

ఇప్పుడు పాప మంగళవారం మంగళవారం పదకొండింటికి వస్తుంది. ఆ వేళకి డాక్టరు క్లినిక్‌లో ఉంటాడు, భోజనానికి ఒంటిగంటకి గానీ రాడు. మొదటి మంగళవారం మిషన్ పెట్టె చూడగానే తలుపు దగ్గరికి పరిగెత్తింది. రెండో మంగళవారం స్టూలు లాక్కుని, కిటికీ దగ్గర ఎక్కి, ఎదురింటి ఖాళీ షెడ్డు వైపు చాలాసేపు చూసింది. దిగి వచ్చి, మా ఆవిడ ముందు నిలబడి, ఎడమ చెవి చూపించింది. ఒక్క చెవే. ఐదు నిమిషాలే.

మొన్నటిది మూడో మంగళవారం. షెడ్డు చూసుకుంది. రెండు చెవులూ ఇచ్చింది. తల్లి పిలిచింది. లైబ్రరీలో పుస్తకం అందిస్తూ మాట్లాడే గొంతు అది, మూలనున్న నాకే సరిగ్గా వినపడలేదు. పాప తల్లి పెదవుల వైపు చూడలేదు. కళ్ళు మూసుకుంది. చెయ్యి చాపి తల్లి గొంతు మీద పెట్టింది. తల్లి మళ్ళీ పిలిచింది. ఆ చెయ్యి అక్కడే ఉంది.

పదకొండు గంటల ఇరవై నిమిషాలకి పాప ఉన్నట్టుండి కళ్ళు తెరిచింది. రెండు మిషన్లూ తనే తీసి, పెట్టెలో పెట్టి, మూత వేసింది. తల్లి ఒళ్ళో మొహం దాచుకుంది. మాకేమీ అర్థం కాలేదు. గదిలో ఎవరూ కదల్లేదు, బయట చప్పుడు లేదు. అరనిమిషం తర్వాత వీధి మలుపు అవతల్నుంచి అది మాకూ వినపడింది.

మా ఆవిడ ఫైలు తెరిచి, "దూరపు శబ్దాలు: మా అందరికన్నా ముందే వింటోంది" అని రాసి, కలం బల్ల మీద పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది.

డాక్టరు ఆ వేళకి ఇంటికెందుకు వచ్చాడో సాయంత్రం తెలిసింది. పదకొండింటికి రావలసిన పేషెంటు, నొప్పి తగ్గిపోయిందని రావడం మానేశాడట. చేతిలో పని లేక, కాసేపు అలా తిరిగొద్దామని కారు తీశాడట.

కాబట్టి పాఠకులారా, ఇంతసేపూ శబ్దం గొప్పదనం గురించి చెబుతూ వచ్చినవాణ్ణి, చివరికి మీ పళ్ళ దగ్గరికి వచ్చాను. డాక్టరు తన వెయిటింగ్ రూములో ఈ పత్రిక తెప్పిస్తాడని విన్నాను. ఇది ఆయన చదువుతాడో లేదో తెలియదు. చదివినా, తన గురించే అనుకోడు. మంచివాళ్ళు అనుకోరు. అందుకని నా విన్నపం అక్కడ వరసలో కూర్చున్న మీకే. మంగళవారం పదకొండింటి అపాయింట్‌మెంట్ ఎవరూ మానకండి. నొప్పి తగ్గితే పక్క పన్ను చూపించండి. అన్నీ బాగుంటే జ్ఞానదంతం ఎందుకు రాలేదో అడగండి. సందేహాల మీద సందేహాలు అడిగి, ఒంటిగంట దాకా ఆయన్ని కుర్చీ దగ్గర్నుంచి కదలనివ్వకండి. మీరు అక్కడ నోరు తెరుచుకుని కూర్చున్నంతసేపూ, ఇక్కడ ఒక తల్లి నాలుగేళ్ళుగా దాచుకున్న మాటలు కూతురికి చెప్పుకుంటుంది.